గడువు దాటిన రిటర్ను



ఆదాయపు పన్ను అనగానే "అది మగవాళ్ళు చూసుకునే వ్యవహారం" అని రేడియో కట్టేయకండి. బ్యాంకులో మీ పేర డిపాజిట్టు ఉంటే ఈ వ్యవహారం మీది కూడాను.

మా పెద్ద ఆడపడుచు, అంటే మా వదినగారు, నాంపల్లిలో ఉంటారు. భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షనూ, ఆబిడ్స్‌లోని బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ, ఇవే ఆవిడకు ఆధారం. 2024-25లో 1,20,000 రూపాయల వడ్డీ వచ్చింది. అందులో నూటికి పది చొప్పున 12,000 బ్యాంకువారు పన్ను కింద ముందే పట్టుకున్నారు. ఆవిడ మొత్తం ఆదాయం మూడు లక్షలు దాటినా అయిదు లక్షల లోపే. లెక్క చూస్తే కట్టవలసిన పన్నే లేదు. ఆ 12,000 వాపసు రావాలి. కాని అడిగితేనేగదా ఇచ్చేది! అడగటమంటే రిటర్ను దాఖలు చెయ్యటమే.

ఆ రిటర్నుకు అసలు గడువు 2025 జులై 31. ప్రభుత్వం సెప్టెంబరు 15కి పొడిగించింది. ఆఖర్న మరొక్క రోజు, 16 దాకా ఇచ్చింది. "ఇంకోసారి పొడిగిస్తార్లే అమ్మాయ్" అన్నారు వదినగారు. పొడిగించలేదు. దసరా వెళ్ళింది, దీపావళీ వెళ్ళింది. నవంబరులో మందులకు డబ్బు చాలక, ఆ పన్నెండు వేలు గుర్తొచ్చి నాకు కబురు పెట్టారు.

ఇద్దరం నాంపల్లి స్టేషను దగ్గర లెక్కలు చూసే ఒకాయన దగ్గరికి వెళ్ళాం. "నోటీసు వస్తుందా బాబూ? నా డబ్బు పోయినట్టేనా?" అన్నారు వదినగారు, గొంతు వణుకుతుంటే.

"బండి తప్పిందమ్మా, వెనకాల ఇంకో బండి ఉంది. కాకపోతే టిక్కెట్టు దండగ" అన్నాడాయన.

ఆయన చెప్పిందిదీ. డిసెంబరు 31 లోగా ఆలస్యపు రిటర్ను వెయ్యవచ్చు. రుసుము, ఆదాయం అయిదు లక్షల లోపైతే 1,000, దాటితే 5,000. పన్ను బాకీ ఉంటే నెలకు నూటికి రూపాయి వడ్డీ. నెలలో ఒక్క రోజు గడిచినా నెలంతా లెక్కే. జీతగాళ్ళకు మరో దెబ్బ. గడువు దాటాక పాత పద్ధతి ఎంచుకునే వీలుండదు. ఇన్సూరెన్సు, ప్రావిడెంటు ఫండు చూపించి పొందే మినహాయింపులు దక్కవు.

"డిసెంబరు కూడా దాటితే?" అన్నాను. ఆ తరువాత వేసే అప్‌డేటెడ్ రిటర్ను అదనంగా పన్ను కట్టడానికేగాని వాపసు అడగటానికి పనికిరాదట. అప్పుడిక కారణాలు చూపి పై అధికారులకు అర్జీ పెట్టుకోవలసిందే.

ఆ పూటే రిటర్ను వేశాం. వేస్తే సరిపోదు, 30 రోజుల్లో ధ్రువీకరించాలి. ఆధార్‌కున్న ఫోనుకు ఓటీపీ వస్తుంది. వదినగారి ఆధార్‌కున్నది భర్తగారి పాత నంబరు! అందుకని కాగితం మీద సంతకం పెట్టి, ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు వెళ్ళి బెంగుళూరుకు స్పీడుపోస్టు చేశాం.

పన్నెండు వేలు రావలసినచోట పదకొండు వేలే వచ్చాయి. "ఆ వెయ్యి ఉంటే పదిహేను రోజుల మందులొచ్చేవి" అన్నారావిడ.

అమ్మా, ఇవాళే మీ పాసుబుక్కు తియ్యండి. వడ్డీలో పన్ను పట్టారేమో చూడండి. ఆధార్‌కు మీ నంబరే ఉందో లేదో కనుక్కోండి. పన్ను పడని ఆదాయమైతే ఏప్రిల్‌లోనే బ్యాంకుకు డిక్లరేషను ఇవ్వండి. పొడిగింపు వస్తే సంతోషమే. దాన్ని నమ్ముకుని మాత్రం కూర్చోకండి.

సెలవు.