ఇస్మాయిల్‌ను మేము అడిగిన ప్రశ్న

(పర్ణశాలలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



హక్కుల సమావేశంలో కవిత్వం గురించి మాట్లాడమన్నారు. మేము ఇస్మాయిల్ గారిని ఎంచుకొన్నాము. ఆయన విషయంలో మా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది.

ఇస్మాయిల్ 1928లో జన్మించి 2003లో కన్నుమూశారు. కాకినాడలో తత్వశాస్త్రం బోధించారు. ఆయన మాటలు చిన్నవి, తెలియని పదం అరుదు. అయినా మాకు కొరుకుడు పడలేదు. చెట్టు, వాన, కప్ప, చంద్రుడు కనిపిస్తాయి. ఆ తరువాత మౌనం. కవి ఏమి తేల్చాడో చెప్పడు. కవిత్వంలో నిశ్శబ్దం ఎందుకు కావాలో వ్యాసాలే వ్రాసినవారు ఆయన.

మేము ఆయనను చదివిన కాలం ఎటువంటిది? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చివేశారు. పుట్టిన గడ్డపైనే అనుమానితునిగా బ్రతకవలసిన దుఃఖాన్ని ఆ దీర్ఘకవిత పలికింది. దానిని చదివిన చేతులతో ‘చెట్టు నా ఆదర్శం’ పట్టుకొంటే కోపం వచ్చింది. ఊళ్లు కాలుతుంటే చెట్టేమిటి? ముస్లిం పేరున్న కవి ముస్లింల గురించి ఎందుకు పలకడు? మాలో ఎక్కువమందిమి గుమాస్తాలము. దరఖాస్తులో ఒక గడి ఖాళీగా ఉంటే కాగితం వెనక్కి పంపడం మాకు అలవాటు. ఇస్మాయిల్‌నూ అలాగే పంపివేశాము. 1998లో ‘జల్జలా’ సంకలనం రాగానే ఇక ఆయనతో పని లేదనుకొన్నాము.

ఉద్యోగ విరమణ తరువాత ఒకనాడు ఇక్కడే, సీతవాగు దగ్గర టీకొట్టులో కూర్చున్నాము. యాత్రికుడొకాయన నవ్వుతూనే, “పాకిస్తాన్‌తో మ్యాచ్ అయితే మీరెవరి వైపు, చాచా?” అని అడిగారు. రాములవారి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపాడని తానీషాను నేటికీ చెప్పుకొనే సీమలో ఈ ప్రశ్న! జవాబు చెప్పి టీ తాగాము. జవాబు చెప్పినందుకే తరువాత సిగ్గు కలిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన మమ్మల్ని అడిగినదీ, ఏళ్లుగా మేము ఇస్మాయిల్‌ను అడుగుతున్నదీ ఒకటే కదా: నీవు ఎవరివాడవో ఋజువు చూపు.

మళ్లీ పుస్తకం తీశాము, నెమ్మదిగా చదివాము. ఎదురుగా మద్దిచెట్లున్నాయి. ఇన్నేళ్లూ వాటిని కలప లెక్కలలోనే చూశామని తోచింది. ఆ కవితలలో ఒక ముస్లిం ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా వానను చూస్తున్నాడు. అదీ మనం కోరే హక్కులలో ఒకటేనని మాకు ఆలస్యంగా తెలిసింది.

మా యువకులు ఒప్పుకోరు. కళాశాల అధ్యాపకునికి మౌనం సులభం, ఇల్లు కాలినవానికి కాదు అంటారు. ఆ మాటను కొట్టివేయలేము. ‘పుట్టుమచ్చ’ రాకుంటే మాకు నోరే లేకపోవును. ఇస్మాయిల్ మీద మా ఫిర్యాదు పూర్తిగా పోలేదు. ఆయనపై విచారణ జరపడం మాత్రం మానుకొన్నాము.

రెండు పుస్తకాలూ తెచ్చాము. మగ్రిబ్ అజాన్‌కు ఇంకా సమయమున్నది. పిల్లలు ముందుకు రండి. ఏది ముందు చదవాలో మీరే తేల్చుకొని చదవండి.