ముందు కాగితం మీద లెక్క, తర్వాతే కోడు



సెలవుల్లో మేము పిల్లల దగ్గర కూర్చుని పైథాన్ అభ్యాసాలు చేయిస్తుంటాం. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఫోన్‌లోనే రాస్తారు. పుస్తకంలోని లెక్కలకన్నా ముందు పత్తితీత లెక్క ఇస్తాం. అమ్మ మొదటి రోజు 40 కిలోలు, రెండో రోజు 35, మూడో రోజు 50 తీసింది. కిలోకు 10 రూపాయలనుకుందాం. మేస్త్రి దగ్గర 300 అడ్వాన్సు తీసుకుంది. చేతికి ఎంత రావాలి?

నోటిలెక్కలో 950 అని వెంటనే చెప్పేస్తారు. కోడు రాయమంటేనే చేయి ఆగిపోతుంది.

మొదటి చిక్కు ఇన్‌పుట్ దగ్గర. 40, 35 కలపమంటే తెరమీద 4035 వస్తుంది. మనం కొట్టింది పైథాన్‌కు అంకె కాదు, అక్షరాల వరుస. అందుకే పక్కపక్కన అతికించింది. ఇంట్‌తో అంకెగా మార్చాక 75 వస్తుంది.

రెండోది ఇంకా గడుసుది. ఎర్రర్ ఏదీ రాదు, జవాబు మాత్రం తప్పు. మూడు రోజుల కూలి 1250 రావాలి, 500 వస్తుంది. చూస్తే ‘మొత్తం = 0’ అన్న వరుస లూప్ లోపల ఉంటుంది. అప్పుడు మేము కీబోర్డు ముట్టుకోం. కాగితం మీద రోజు, కిలోలు, మొత్తం అని మూడు గడులు గీసి, కోడు చెప్పినట్టే నింపమంటాం. రెండో రోజుకే ‘అయ్యో, నిన్నటి కూలి చెరిపేస్తోంది!’ అంటారు. ఆ మాట వాళ్ల నోట రావాలి. జవాబు మేమే కొట్టిస్తే రికార్డు నిండుతుంది, ల్యాబ్ పరీక్షలో మళ్లీ చేయి ఆగుతుంది. మన ఇళ్లలో చాలామందికి అడగడానికి చదువుకున్న అన్న కూడా లేడు కదా.

ఇంగ్లీషు ఎర్రర్ చూసి బెదరకండి. చివరి వరుస ముందు చదవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. పైథాన్ 3లో కూలి, తూకం అని తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. మీ ల్యాబ్ సారు ఒప్పుకుంటారో లేదో అది వేరే సంగతి!

ఇప్పుడు మీకొక లెక్క. ఐదు రోజుల్లో ఒక రోజు వాన పడి పని ఆగింది. రోజుకు సగటు కూలి ఎంత? ఐదుతో భాగించాలా, నాలుగుతోనా? ముందు మీలో మీరు వాదించుకోండి. భోజనాలయ్యాక కాగితాలు పట్టుకురండి, కోడు అప్పుడు రాద్దాం.