చిన్న ట్రాక్టరునకు మారుట: దివిసీమ చెంతనున్న శ్రీకాకుళపు రైతులకు ఉపన్యాసము



ఇచ్చట శ్రీకాకుళమనగా ఘంటసాల మండలమున ఆంధ్రమహావిష్ణుని ఆలయము గల గ్రామము. ఉత్తరాంధ్రమందలి పట్టణము కాదు. ఈ ప్రాంతమున పాత పెద్ద ట్రాక్టరు గల రైతులకు నేడొక సందేహము గలదు. దానినిచ్చివేసి, పొలము తాకట్టుపెట్టియైనను, క్రొత్తగా రూపొందించిన చిన్న ట్రాక్టరును తెచ్చుకొనవచ్చునా?

మహీంద్రావారు జపానుదేశపు మిత్సుబిషి మహీంద్రావారితో కలిసి రూపొందించిన ‘ఓజా’ 2023 ఆగస్టు 15వ తేదీన వెలువడినది. దాని కర్మాగారము తెలంగాణమందలి జహీరాబాదున గలదు. పేరు చెంతనుండు నాలుగంకెలలో చివరి రెండును అశ్వబలమును తెలుపును. 2127 అనగా 27, 3140 అనగా 40. నాలుగు చక్రములకును ఇంజనుబలము అందును. వెలువడిననాడు పూనాలో 2127 వెల 5,64,500 రూపాయలు, 3140 వెల 7,35,000 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది గనుక, నేటి వెలను దుకాణమున వ్రాతమూలముగా గైకొనవలెను.

యంత్రము మంచిదే. దానికి తగిన పని చేలో కలదా యనునదే ప్రశ్న.

ఈ దిగువ డెల్టా నల్లభూములలో వరి కోతకు కొలదిదినములు ముందుగా నిలుచున్న చేలోనే మినుములు చల్లుదురు. ఆ పైరునకు దుక్కి లేదు. కావున వరియు మినుములును మాత్రమే పండించువాని ట్రాక్టరునకు ముఖ్యమైన పని దమ్ము ఒక్కటే. అది కొలదివారములలో ముగియును. తక్కిన కాలమున బండి ధాన్యపు ట్రక్కును లాగును, లేదా చావడిలో నుండును. వడ్డీయు తరుగుదలయు కలిసి ఏటికి 90,000 రూపాయలనుకొనుడు. 600 గంటలు నడచిన బండికి గంటకు 150 రూపాయలు పడును. 150 గంటలే నడచినదానికి 600 పడును. డీజిలు, డ్రైవరు జీతము వేరు. పాతబండి గంటల మీటరును ఒక ఏడాది వ్రాసి పెట్టుకొనినవానికి ఈ లెక్క నిమిషములో తేలును; వ్రాయనివానికి దుకాణపువాని మాటయే లెక్క.

బలము తగ్గినకొలది రోటావేటరు వెడల్పును తగ్గును. అయిదడుగులదానికి మారుగా నాలుగడుగులది కట్టినచో, ఒకే వేగమున ఎకరమునకు కాలుపాలు కాలము అధికమగును. శివారు భూములకు కాలువనీరు ఆలస్యముగ వచ్చును. వచ్చిననాడు అందరును ఒక్కమారే దమ్మునకు దిగుదురు. ఆనాడు ఈ కాలుపాలు చిన్న నష్టము కాదు. అయితే పెద్దబండి అడుసులో దిగబడి పూటలు పోవు మళ్లలో, తేలికయై నాలుగు చక్రములతో లాగు బండి పోయిన కాలమును రాబట్టవచ్చును.

లంకలలో అరటి, కంద, పసుపు వేయువాని సంగతి వేరు. అరటివరుసల నడుమ పెద్దబండి పట్టదు. చిన్నదానికి అచ్చట ఏడాదిపొడుగున పని యుండును. కొన్ని రకములలో మలుపున పనిముట్టు తనంతట పైకి లేచు ఏర్పాటు గలదు. దానికై చెల్లించు అధికధనము అట్టివానికే దక్కును. పెద్దమడిలో రోజుకు నాలుగుమారులు తిరుగువానికి అది వేడుక మాత్రమే.

బేరమునకు ముందు తారురోడ్డుమీద నడిపి చూచుట చాలదు. కాలువనీరు వదలిన పిమ్మట, తన పొలమున మిక్కిలి దిగబడు మడిలో, తాను కట్టబోవు రోటావేటరుతోనే అర ఎకరము దమ్ము చేయించి, పట్టిన కాలమును ఖర్చయిన డీజిలును రైతు వ్రాసికొనవలెను. ప్రక్క అర ఎకరమును పాతబండితో చేయవలెను. దమ్ముచక్రములు క్రొత్తబండికి అమరునో లేదో, అమర్చిన పిమ్మట హామీ చెల్లునో లేదో కాగితముమీద పొందవలెను. పాతబండికి దుకాణమువారు కట్టు వెలను ఆ తరువాతనే అడుగవలెను.