ఎల్గందుల: జిల్లా పేరు పోయింది, ఊరు మిగిలింది
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి పెండ్లిండ్లకు సాయం గురించి, జమాఖర్చుల గురించి మాట్లాడుకుంటున్నాము. ఈసారి కార్యవర్గం వారు మన పల్లెల చరిత్ర చెప్పమని మాకు ఒప్పగించినారు. అన్ని పల్లెలు చెప్పబోతే ఇషా నమాజు వేళ దాటిపోతుంది గనుక ఒక్క ఊరినే పట్టుకున్నాము. ఆ ఊరు ఎల్గందుల. పాతవాళ్లు వెలిగందుల అని కూడా అంటారు.

కరీంనగర్ నుండి సిరిసిల్ల, కామారెడ్డి పోయే తోవలో కొత్తపల్లి దాటి ఇంకొంచెం పోతే, మానేరు దాపున గుట్ట మీద కోట కనబడుతుంది. కింద ఊరు. ఇదే మానేరు ముందుకు పారి మంథని దిక్కున గోదావరిలో కలుస్తుంది. గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. పక్కన ఏరు, నడుమ గుట్ట, చుట్టూ కందకం, కోట కట్టేవానికి ఇంతకన్న ఏం కావాలె? అందుచేతనే కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు, ఒకరి తరువాత ఒకరు ఈ గుట్టను పట్టుకొని వున్నారు. కోటలో నరసింహస్వామి గుడీ వుంది, మసీదూ వుంది. ఊళ్లో సయ్యద్ షా మునవ్వర్ ఖాద్రి వంటి పెద్దల దర్గాలు వున్నాయి.

1754లో కిల్లాదారు జఫరుద్దౌలా ఇక్కడ ఆలంగీర్ మసీదు కట్టించినాడు. దాని మీనార్లు ఊపితే ఊగుతాయని పేరు. పేరుంది గదా అని వచ్చినవాళ్లు ఊపి చూడటం మాత్రం మాకు నచ్చదు. రెండున్నర వందల ఏండ్లు దాటిన కట్టడం ఇంకెంతకని ఓర్చుకుంటుంది? ఈ జఫరుద్దౌలా పేరే నిర్మల్ దిక్కున కూడా వినబడుతుంది. అనగా ఆ కాలానికే గోదావరి ఇటువైపు, అటువైపు రాకపోకలు వున్నవన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాము. సాలార్ జంగ్ కాలంలో, 1865 ప్రాంతాన, నిజాం రాజ్యంలో జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ ఊరి పేరు మీదనే ఎల్గందుల జిల్లా ఏర్పడింది. కచేరీలు తరువాత కరీంనగర్‌కు పోయినవి. ఆ కరీంనగర్ పేరు కూడా ఎల్గందుల కిల్లాదారు సయ్యద్ కరీముద్దీన్ వల్లనే వచ్చిందని కొందరు, సయ్యద్ కరీముల్లా షా ఖాద్రి వల్ల అని కొందరు చెప్తారు. 1905లో జిల్లాలను మళ్లీ సవరించినారు. అప్పుడు చెన్నూరు, లక్షెట్టిపేట తాలూకాలు మన దిక్కు నుండి విడిపోయి ఆదిలాబాద్‌లో కలిసినవి. జిల్లా పేరు కరీంనగర్ అయింది. ఎల్గందుల ఒక పల్లెగా మిగిలింది. 2016లో మరోసారి జిల్లాలు మారి చెన్నూరు, లక్షెట్టిపేట మంచిర్యాల జిల్లాలోకి పోయినవి. "మాది ఏ జిల్లా తాతా?" అని మనుమడు అడిగితే తాత జవాబు చెప్పే లోపల ఇంకోటి మారుతుందేమో!

దీనితో మనకేం పని అని కొందరు అనుకోవచ్చు. పని వుంది. మన పల్లెల్లో ఖబరస్తాన్‌కు, దర్గా కింది ఇనాం భూమికి, మసీదు చిరాగు ఖర్చుకు ఆధారం పాత కాగితాలే. నిజాం సర్కారు ఇచ్చిన ముంతఖబ్ అనే పత్రం వుంటే హద్దు చెప్పవచ్చు, లేకుంటే నోటిమాట. ఈ కాగితాల్లో 1880ల దాకా ఎక్కువగా ఫార్సీ, ఆ తరువాత ఉర్దూ. 1905కు ముందువైతే చెన్నూరు వారి కాగితం మీద కూడా ఎల్గందుల జిల్లా అనే వుంటుంది. మా ఎరికలో ఒకాయన తన ముత్తాత ఇనాం కొరకు ఆదిలాబాద్ పేరు మీదనే ఏండ్లకేండ్లు వెతికినాడు. ఎల్గందుల పేరు మీద అడగాలని ఆయనకు చెప్పినవాళ్లు లేరు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయంలో ఆ కాలపు ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు భద్రపరచి వున్నాయి. పోయి అడిగేవానికి ఏ పేరు అడగాలో తెలియాలె గదా.

మా తప్పు కూడా చెప్పుకుంటాము. మా ఇంట్లో పెద్దాయన రేకు పెట్టెలో కాగితాలు దాచినాడు. ఆయన పోయినాక మాకు చదవ రాదని అటక మీద పెట్టినాము. రెండు వానకాలాల తరువాత తీసి చూస్తే చెదలు పట్టి పొడి రాలింది. అందులో ఏముండెనో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

1948 పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు తరువాత నౌకరీ పోయినవాళ్లు, భూమి పోయినవాళ్లు పట్నం దారి పట్టినారు. మానేరు దిగువ ఆనకట్ట 1974లో మొదలై 1985కు పూర్తయింది. నీళ్లు వచ్చినవి, పంటలు పండినవి, కాదనము. కాని కొన్ని పల్లెలు మునిగి, ఇండ్లతో బాటు ఊరి గుర్తులు కూడా పోయినవి. ఆ తరువాత దుబాయి. పల్లెలో మిగిలిన లద్దాఫుల దూది ఏకే విల్లు కూడా అటకెక్కింది. పీరీల పండుగ నాడు మాత్రం పెద్దవాళ్లు వస్తారు. అలావ చుట్టూ ఆడేవాళ్లలో హిందువులే ఎక్కువ మంది వుండే ఊళ్లు మాకు తెలుసు. పీరీని ఎత్తుకునే హక్కు ఏ ఇంటిదో వాళ్లకే బాగా గుర్తు.

అందుచేత కార్యవర్గం ఒక నిర్ణయం చేసింది. వచ్చే ఆదివారం నుండి నెలకొకసారి, జొహర్ నమాజు తరువాత, సంఘం ఆఫీసులో ఉర్దూ, ఫార్సీ వచ్చిన ఇద్దరు పెద్దలు కూర్చుంటారు. మీ ఇంట్లో పాత కాగితం వుంటే తీసుకురండి. అసలు మీ దగ్గరే వుంటుంది. ఫోటో తీసి, తెలుగులో అర్థం రాసి ఇస్తాము. కాగితం లేనివాళ్లు తమ ఇంటి ముసలమ్మను వెంటబెట్టుకొని రండి. ఎవరి ఇల్లు ఎక్కడ వుండె, ఖబరస్తాన్ హద్దు ఏ చెట్టు దాకా వుండె, ఆమె చెప్పింది చెప్పినట్లు రాసుకుంటాము. చాయ్ ఖర్చు సంఘానిదే.