ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరము?

తెనాలిలో మేమెరిగిన ఒక పెద్దావిడ కుమార్తె పురిటికై శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవలసియున్నది. "అది ఎంత దూరము నాయనా? ఎన్ని గంటలు కూర్చుండవలెను?" అని మమ్మడిగినది. రెంటికిని ఒక్కటే సమాధానము చాలునని మేము తొలుత తలంచితిమి. లెక్కకు కూర్చున్న పిమ్మట గాని మా పొరపాటు మాకు తెలియలేదు.

గోడమీది పటము చూచినచో, ఐరోపాను, అట్లాంటిక్ సముద్రమును దాటిపోవుటయే సరియైన త్రోవగా తోచును. కాని పటము చదునైనది, భూమి గుండ్రనిది. మీ పిల్లల గ్లోబుపై ఢిల్లీ వద్ద దారపు కొనను నొక్కిపట్టి, రెండవ కొనను శాన్‌ఫ్రాన్సిస్కో వద్ద బిగించి చూడుడు. దారము సైబీరియా మీదుగా ఉత్తరపు మంచుసముద్రమునకు ఎగబ్రాకి, అలాస్కా మీదుగా దిగును. ఆ కొలత సుమారు 12,400 కిలోమీటర్లు. అంతకన్న దగ్గరి దారి లేదు. అయినను విమానము ఆ దారమును పట్టుకొని పోజాలదు. లోపలి గాలియొత్తిడి హఠాత్తుగా తగ్గినచో విమానము వెంటనే క్రిందికి దిగవలెను. టిబెట్టు పీఠభూమిపై దిగుటకు చోటెక్కడిది?

2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఈ నగరముల నడుమ విమానమును నడుపసాగినపుడు అది అట్లాంటిక్ మీదుగా పోయెడిది. ఆ త్రోవ దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరు 16వ తేదీన ఆ విమానమును తూర్పునకు త్రిప్పి, పసిఫిక్ మీదుగా పంపిరి. దూరము 15,300 కిలోమీటర్లకు పెరిగినది. కాని విమానము 14న్నర గంటలలోనే చేరినది, అనగా పాత త్రోవకన్న రమారమి రెండు గంటలు ముందుగా!

ఇది గాలి చేసిన ఉపకారము. పది కిలోమీటర్ల యెత్తున పడమటి గాలి ఏరువలె తూర్పునకు పారుచుండును. ఏటివాలున పోవు పడవకును, ఏటికెదురీదు పడవకును గల భేదము మన కాలువ గట్లవారికి చెప్పనక్కరలేదు. గంటకు 900 కిలోమీటర్లు పోవు విమానమునకు 100 కిలోమీటర్ల గాలి తోడైన వేగము 1,000 అగును. అదే ఎదురైనచో 800కు దిగును. తిరుగు ప్రయాణమున కూడ తూర్పుముఖముగనే అట్లాంటిక్ మీదుగా వచ్చినచో, టిక్కెట్టుతోపాటు భూప్రదక్షిణ పుణ్యము కూడ దక్కును.

గడియారపు వింత వేరొకటి. ఆ అక్టోబరు విమానము ఆదివారము వేకువ నాలుగు గంటల ప్రాంతమున బయలుదేరి, అదే ఆదివారము తెల్లవారుజామున దిగినది. వేసవి లెక్కలో అక్కడి గడియారము మనకన్న పన్నెండున్నర గంటలు వెనుక నుండుటయే ఇందుకు కారణము.

ఇదంతయు ఆమెకు చెప్పితిమి. అప్పుడప్పుడు లేచి నడువుమనియు, నీరు త్రాగుచుండుమనియు, కాళ్ల వాపు గలదు గనుక ముందే డాక్టరుగారిని అడుగుమనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు మౌనముగ నుండి, మూడవ ప్రశ్న వేసినది: "ఇక్కడ నాకేమైన జరిగినచో అమ్మాయి ఎన్ని గంటలలో రాగలదు?"

టిక్కెట్టు దొరకుట, ఢిల్లీలో వేచియుండుట, గన్నవరమునకు మరియొక విమానము, అక్కడి నుండి తెనాలికి కారు. అన్నియు కూడి, వేళ కలిసివచ్చిననే ఒకటిన్నర దినము పట్టునంటిమి. ఆమె మరల లెక్క అడుగలేదు.