ఫీజు సీటునిస్తుంది, పని నేర్పేది ప్రయోగశాల
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వరంగల్‌లో మిల్లు అంటే ఆజంజాహీ మిల్లే. 1934లో నిజాం హయాంలో మొదలై, ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టి మూతపడింది. అక్కడి పనిని పక్కవాణ్ణి చూసి నేర్చుకునేవారు. నేటి కర్మాగారం తీరు వేరు. సీసా వచ్చిందో లేదో సెన్సర్ చూస్తుంది. ఆ కబురు పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్‌కు చేరుతుంది. అది ఆజ్ఞ ఇస్తే వాల్వు తెరుచుకుని, గాలి ఒత్తిడికి సిలిండర్ కదిలి సీసాను నెడుతుంది.

ఈ పీఎల్‌సీ ఆలోచన 1968లో అమెరికాలో, జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ అవసరం కోసం పుట్టింది. అంతకుముందు కారు మోడల్ మారితే రిలేల తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రోగ్రామ్ మారిస్తే చాలు. ఎలక్ట్రీషియన్లకు సులువుగా అర్థం కావాలని దాన్ని నిచ్చెన ఆకారపు బొమ్మగా గీస్తారు.

ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవచ్చు. కానీ బెల్టు హఠాత్తుగా ఆగితే లోపం సెన్సర్‌లో ఉందా, తీగలో ఉందా, ప్రోగ్రామ్‌లో ఉందా? అది పట్టుకోవాలంటే స్వయంగా తీగ ఊడదీసి చూసిన చేతులు కావాలి. ఈత పుస్తకం చదివితే రాదని ఉపాధ్యాయులుగా మాకు తెలుసు.

1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, నేటి నిట్, మన ఊళ్లోనే ఉంది. అక్కడ సీమెన్స్ పేరుతో ఇలాంటి యంత్రాల కేంద్రమూ ఉంది. అయితే నిట్‌లో సీటు అందరికీ రాదు. చిన్న కాలేజీల్లో ఒక కిట్టు చుట్టూ పదిహేను మంది నిలబడితే, ముట్టుకునేది ఇద్దరే.

మేము అడిగేది పెద్ద రోబో కాదు. ఒక పీఎల్‌సీ, 24 వోల్టుల పవర్ సప్లై, రెండు మూడు సెన్సర్లు, చిన్న బెల్టు, సిలిండర్, వాల్వు, గాలి కంప్రెసర్, ఒక కంప్యూటర్. అంతా ఒక బల్ల మీద, బల్ల కింద సర్దుకుంటుంది. సెలవు రోజుల్లో ఇద్దరేసి పిల్లలు వంతులవారీగా సాధన చేయవచ్చు.

కొనేముందు మూడు సంగతులు చూడాలి. విడిభాగాలు హైదరాబాద్‌లో దొరకాలి. సాఫ్ట్‌వేర్‌కు ఏటా డబ్బు కట్టాలా అన్నది ముందే తేల్చుకోవాలి. అన్నిటికన్నా ముందు నేర్పే మనిషి ఉండాలి. లేకుంటే కిట్టు బీరువాలో దుమ్ము తింటుంది.

జకాత్ సొమ్ము అర్హుల చేతికే చేరాలి కనుక దానితో ఫీజులే కట్టుకుందాం. ఈ బల్లను మాత్రం సదఖా జారియాగా ఇవ్వండి. ఫీజు ఒక బిడ్డకు ఒక ఏడాది పనికొస్తుంది. బాగా చూసుకుంటే ఈ బల్ల ఏటేటా కొత్త పిల్లలకు పని నేర్పుతుంది.