బ్లాక్‌బస్టర్: ఒక మాట పూర్వచరిత్ర



తెలుగునాట ఒక చలనచిత్రము విశేషముగ ధనార్జన చేసినచో, మరునాడే గోడపత్రికలపై "బ్లాక్‌బస్టర్" అను మాట వెలయును. పరరాష్ట్రములందు పెరుగు తెలుగు బాలబాలికలకును అది సుపరిచితమే. టిక్కెట్ల కొరకు నిలిచిన జనుల బారు వీథిని చుట్టివచ్చుటచే ఆ పేరు కలిగెనని కొందరు చెప్పుదురు. ఈ వ్యుత్పత్తి వినుటకు ఇంపుగ నున్నది గాని సత్యము కాదు.

"బ్లాక్" అనగా వీథుల నడుమ నుండు గృహసముదాయము. సర్కారు క్వార్టర్లలో నివసించువారికి ఈ మాటను వివరింపనక్కరలేదు. "బస్టర్" అనగా పగులగొట్టునది. రెండవ ప్రపంచ సంగ్రామమున బ్రిటిషు వైమానిక దళము ప్రయోగించిన పెనుబాంబులకు పత్రికలలో వ్యాపించిన పేరిది. వానిలో మొదటి రకము 4,000 పౌన్ల బరువు గలది. 1941 మార్చి 31వ తేది రాత్రి జర్మనీలోని ఎమ్డెన్ పట్టణముపై అది మొదటిసారి పడెను. పైన పలుచని ఉక్కు తొడుగు. బరువులో దాదాపు ముప్పాతిక పాలు లోపలి మందుగుండే. దాని పేలుడు గాలికి ఇండ్ల పైకప్పులు లేచిపోవును. తలుపులు, కిటికీలు పగులును. వెంబడి పడు నిప్పుబాంబులకు ఆ ఇండ్లు సులభముగ ఆహుతి యగును. బాంబు ఉద్దేశ మదియే.

యుద్ధము ముగియకముందే, 1943లో, "బొంబార్డియర్" అను అమెరికా చిత్రపు ప్రకటనలలోనికి ఈ మాట ప్రవేశించినది. క్రమముగ వినాశార్థము జారిపోయి, ఘనవిజయార్థము నిలిచినది. 1975లో విడుదలయిన "జాస్" చిత్రముతో ఆ అర్థము మరింత స్థిరపడినది. ఏటా నూరుకోట్ల డాలర్లకు మించి అమ్ముడగు ఔషధమును సైతము వర్తకులు ఇట్లే పిలుతురు.

అమెరికాలోనే ఈ మాట మరియొక త్రోవ త్రొక్కినది. నల్లజాతివారు పొరుగునకు రానున్నారని తెల్లవారిని బెదరించి, వారి ఇండ్లను కారుచౌకగా కొని, నల్లజాతి కుటుంబములకే హెచ్చు వెలకు అమ్మిన దళారుల వ్యాపారమును "బ్లాక్‌బస్టింగ్" అనిరి. 1968 నాటి గృహవసతి చట్టము దానిని నిషేధించినది. అక్కడ బాంబు లేదు. అయినను వీథి పగిలినది.

మాట మారినను వస్తువు మారలేదు. 2017లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున కట్టడము కొరకు త్రవ్వుచుండగా అట్టి బాంబొకటి బయల్పడెను. డెబ్బది యేండ్లకు పైగా అది నేలలో పేలక పడియుండెను. సెప్టెంబరు 3వ తేదిన దానిని నిర్వీర్యము చేయుటకై, ఆసుపత్రులలోని రోగులతో సహా అరువదివేల మందికి పైగా జనులను ముందుగ తరలింపవలసివచ్చెను.

మాటలు తమ పుట్టుకను మరచుట లోకసహజము. చిత్రవిజయమును ఈ పేరున పిలుచుటలో దోషమును లేదు. కాని బిడ్డలు అర్థమడిగినపుడు పెద్దలు రెండవ సగమును మాత్రమే చెప్పి ఊరకుండరాదు. పగిలినదేమో కూడ చెప్పవలెను. అది బాక్సాఫీసు కాదు, వంటయిండ్లును పడకగదులును గల ఒక వీథి.